చివరి తూము నుంచి ఎగువకు

మా ఊరికి కాలువలో నీళ్ళకంటే ముందు చెప్పులొస్తాయి. ఎక్కడో కొండల్లో గేట్లెత్తి వదిలిన నీళ్ళు ఊళ్ళన్నీ దాటుకుని మార్టూరు పక్కనున్న మా పొలాల దగ్గరికి చేరేసరికి, ముందు నురగ కనిపిస్తుంది. ఆ నురగ మీద ఒంటి చెప్పులు, బంతిపూల దండలు, కొబ్బరి చిప్పలు, వేపరెమ్మలు, ఎవరి పెళ్ళిలోనో తిని పారేసిన విస్తళ్ళు. వాటి వెనకాల నీళ్ళు. కాలువకు మా తూము చివరిది. మా తర్వాత తూమూ లేదు, కాలువా లేదు, తుమ్మచెట్లే. అందుకని దారి పొడుగునా జనం వదిలేసినవన్నీ మా దగ్గరికొచ్చి ఆగుతాయి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చెత్తను కర్రతో తోస్తూ, ఈ దండ ఎవరి మెడలో పడిందో, ఈ చెప్పు జారవిడిచిన పిల్ల ఇంటికెళ్ళి ఎన్ని తిట్లు తిందో అనుకునేదాన్ని. నేను చదివింది మూడో తరగతి. మాకు ఎగువనున్న దేశమంతా నాకు ఆ చెత్తను బట్టే తెలుసు.

ఆ నీళ్ళు బయలుదేరే చోటు చూడాలని కోరిక ఉండేది. కానీ చార్జీలు దండగనిపించేది. వచ్చేవైతే నీళ్ళే మన దగ్గరికి వస్తాయి, మనం వాటి దగ్గరికి వెళ్ళడమేమిటి అనేదాన్ని. ఈమధ్య వెళ్ళక తప్పలేదు. మా అబ్బాయి కోసం వెళ్ళాను.

కిందటేడు మిరప పూత మీదుండగా కాలువ వట్టిపోయింది. వాడు వంతు నీళ్ళ కోసం తూము దగ్గర కాపలా పడుకున్నాడు. ట్యాంకర్లు తోలాడు. అయినా దక్కలేదు. ఒకరోజు పొద్దున చేలో నిలబడి, ఎండిన చెట్టొకటి పీకి, వేరు తిప్పి చూసి, మళ్ళీ అదే గుంటలో పెట్టి మట్టి కప్పాడు. గట్టు మీద నుంచి నేను చూశాను. వాడు నన్ను చూడలేదు.

ఈ ఏడు మళ్ళీ నారు కొనే అదను వచ్చింది. నర్సరీ వాళ్ళు కావాలో వద్దో తేల్చి చెప్పమన్నారు.

"మిరప వేస్తేనే నేను సేద్యంలో ఉండేది," అన్నాడు అన్నం తింటూ. "లేకపోతే పొలం కౌలుకిచ్చి మార్టూరులో రాయి మిషను పనికి పోతా. వాళ్ళతో మాట్లాడి పెట్టుకున్నా."

"శనగ వెయ్యి. మంచుకే పండుద్ది."

"శనగతో ఇల్లు గడిచేదైతే నువ్వు ఇన్నాళ్ళు మిరపెందుకు వేశావమ్మా?"

రాయి పాలిషు పట్టే చోట పనిచేసే వాళ్ళు సాయంత్రం బస్సు దిగితే కనురెప్పలు కూడా తెల్లగా ఉంటాయి. మావాడికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. పొలం నా పేర ఉంది, వాడి నాన్న పోయాక మా ఇంట్లో ఆఖరి మాట నాది. వెయ్యమంటే మళ్ళీ ఎండుతుందేమో. వద్దంటే ఆ దుమ్ములోకి పోతాడు.

"డ్యాములు నిండాయని టీవీలో చెబుతున్నారుగా," అన్నాడు.

"టీవీ వాడికి మన తూము తెలుసా? నేను పోయి నా కళ్ళతో చూసొచ్చి చెబుతా. అప్పటిదాకా నారు మాట ఎత్తకు."

వాడు తల వంచుకుని మజ్జిగ పోసుకున్నాడు.

నల్లపాడులో అద్దెకుండి ఉద్యోగం చేసుకుంటున్న మా మనవరాలు, అంటే వీడి కూతురు, కారులో తీసుకెళ్తానంది. దారిలో కంభంలో ఉన్న వాళ్ళ అమ్మమ్మను కూడా ఎక్కించుకుందామంది. అంటే నా వియ్యపురాలు. ఆవిడ నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. నాకు రెండూ గిట్టవు గానీ పిల్ల మాట కాదనలేకపోయాను. పులిహోర కలిపి, పాత సీసాలు కడిగి నీళ్ళు నింపి, బయట ఒక్క టీ కూడా కొనకుండా కంభం చేరేటట్టు బయలుదేరాం.

వియ్యపురాలు వాకిట్లోనే నిలబడి ఉంది.

"ఏం వదినా, ఇన్నాళ్ళకి మా ఇల్లు గుర్తొచ్చిందా? పెట్రోలు మనవరాలిదనా?"

"నీ చేతి కాఫీ తాగి చాన్నాళ్ళయిందని వచ్చా."

"నా కాఫీ పానకంలా ఉందని పెళ్ళిలో అన్నదెవరో."

"అన్నా. ఇప్పుడు చక్కెర జబ్బొచ్చి నువ్వే తగ్గించావంటగా, అందుకే ధైర్యం చేశా."

ఆవిడ నవ్వితే వీధి చివరి దాకా వినిపిస్తుంది.

మర్నాడు తెల్లవారేసరికి మమ్మల్ని చెరువు దగ్గరికి తీసుకెళ్ళింది. కంభం చెరువని వినడమే గానీ నేను చూడలేదు. చెరువంటే నాలుగు వైపులా కట్టలుంటాయనుకున్నాను. అక్కడ కట్ట కొంచెమే, రెండు కొండల మధ్య సందులో పెట్టిన తలుపులా ఉంది. మిగతాదంతా కొండలే పట్టుకున్నాయి. నీళ్ళ మీద పొగమంచు లేస్తోంది. చేపలు పట్టే అతను, ఆవిడకు వరసకు తమ్ముడు, మమ్మల్ని పడవలో కూర్చోబెట్టాడు. ఒడ్డు కనపడకుండా పోయేసరికి నాకు ఎటు నుంచి వచ్చామో తెలియలేదు. తెడ్డు చప్పుడు తప్ప ఏమీ లేదు. కొండ నీడ నీళ్ళలో తలకిందులుగా ఉంది, దాని మీదుగా మేము పోతున్నాం. చెయ్యి ముంచాను. చల్లగా, పట్టులా జారింది. వేళ్ళ సందుల నుంచి పోయిన నీళ్ళు వెనకాల సన్నటి గీత గీసి, కొంచెం సేపుండి, కలిసిపోయాయి. ఎంతసేపు అట్లా చూస్తూ కూర్చున్నానో. ఇంటి దగ్గరైతే ఆ పాటికి రెండు పనులు అయ్యేవి.

"నిండుగానే ఉన్నాయి," అన్నాను చివరికి. "ఫోను కలపవే, మీ నాన్నకు చెబుదాం."

వియ్యపురాలు పడవ అంచు పట్టుకుని నవ్వింది. "ఇవి గుండ్లకమ్మ నీళ్ళు వదినా. కృష్ణమ్మవి కావు. ఇవి మీ కాలవలోకి రావు. ఊరికే చూసి కడుపు నింపుకో."

ఆ సంగతి నాకు తెలియక కాదు. కాలువ ఎటు నుంచి వస్తుందో తెలుసు. కానీ మా వైపు వాళ్ళకి ఎక్కడ నీళ్ళు కనపడ్డా ముందు మా చేను కనపడుతుంది. పడవతను మాత్రం మర్యాదగా, "రాకపోతే ఏంలే అమ్మా, గాలికి కాస్త మబ్బయినా వస్తుందిలే అటు," అన్నాడు.

మార్కాపురం, దోర్నాల మీదుగా అడవిలోకి ఎక్కాం. నల్లమలలో దారి తిరిగిందే తిరుగుతుంది. ఎండ ఆకుల సందుల నుంచి పడి మొహం మీద వెలుగుతూ ఆరుతూ ఉంటే నిద్రపోయానో మెలకువతోనే ఉన్నానో చెప్పలేను. కలో నిజమో, మా చేలో సాళ్ళన్నీ నీళ్ళతో నిండి, మిరప చెట్ల బదులు చేపలు నిలబడి ఉన్నాయి. మావాడు గట్టు మీద కూర్చుని వాటికి కలుపు తీస్తున్నాడు. "ఏరా, చేపలకి కలుపేంటిరా," అన్నాను. పైకే అన్నాను కాబోలు, వియ్యపురాలు నా భుజం తట్టి, "పడుకో వదినా, శ్రీశైలం ఇంకా రాలేదు," అంది.

శ్రీశైలంలో గేట్లెత్తి ఉన్నాయి. దూరం నుంచే నేల అదిరే చప్పుడు. దగ్గరికి పోతే తెల్లటి నీళ్ళు పత్తి ఏకినట్టు పొరలు పొరలుగా లేచి, గాలికి ఎగిరి మా మొహాల మీద పడ్డాయి. జనం సెల్‌ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను కొంగుతో మొహం తుడుచుకోవడం మానేశాను. తుడిచినకొద్దీ తడుస్తోంది. పక్కనున్న వాళ్ళ మాట వినపడదు. అందరి పెదాలూ కదులుతుంటాయి, ఎవరి మాటా రాదు. వియ్యపురాలి నోరు కూడా కదులుతూనే ఉంది, చాలాసేపు ఆవిడను అట్లా చూడటం బాగుంది.

ఆ పూట సత్రంలో గది తీసుకున్నాం. పడుకోబోయే ముందు నేను స్నానాల గదిలో ఉన్న బకెట్లు, చెంబు, మగ్గు, మా క్యారేజీ గిన్నెలు, వాటి మూతలు కూడా నీళ్ళతో నింపి పెట్టాను. పొద్దున్నే ముందు లేచిన వియ్యపురాలు తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఇదేంటి వదినా, కాలు పెట్టడానికి చోటు లేదు?"

"పొద్దున పంపు రాకపోతే?"

ఆవిడ కిటికీ తీసింది. లోయలో నిన్నటి చప్పుడు అట్లాగే ఉంది. మనవరాలు దుప్పట్లో నుంచే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే నవ్వుకోండి అని, ఆ నీళ్ళు పారబొయ్యనివ్వకుండా వాటితోనే ముగ్గురం స్నానాలు చేసి, గిన్నెలు కడిగి, మిగిలినవి మెట్ల పక్కనున్న తులసి కుండీలో పోశాను. అప్పుడు గాని మనసు కుదుటపడలేదు.

అక్కడి నుంచి మళ్ళీ అడవి దిగి, మాచర్ల మీదుగా సాగర్ చేరాం. శ్రీశైలంలో అంత కేకలు పెట్టిన నీళ్ళు మాకంటే ముందే వచ్చి ఇక్కడ చప్పుడు లేకుండా కూర్చున్నాయి. కంటికి ఆనినంత మేరా నీళ్ళే. చిన్నప్పుడు మా నాన్న సింగరాయకొండ నరసింహస్వామి తిరునాళ్ళకు తీసుకెళ్ళి, అక్కడి నుంచి సముద్రం చూపించాడు. అంత నీళ్ళు చూసి ఆశగా దోసిలి పట్టి తాగి, ఉమ్మేసి ఏడ్చాను. సాగర్ ఒడ్డున మెట్లు దిగి మళ్ళీ దోసిలి పట్టాను. ఉప్పు లేదు. ఇంత నీరు, ఇంత దూరం, రవ్వంత ఉప్పు లేకుండా. తాగి కాసేపు అక్కడే కూర్చున్నాను. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు మూతలు పడుతున్నాయి. లేవాలనిపించలేదు.

కృష్ణమ్మకు పెట్టడానికి ఇంటి దగ్గర నుంచి పసుపు, కుంకుమ, రవికె గుడ్డ తెచ్చాను. మూట విప్పగానే వియ్యపురాలు గుడ్డ అంచు పట్టుకుంది.

"ఇది నేను పెట్టింది కాదూ? పిల్ల ఓణీల ఫంక్షన్లో?"

"నువ్వు పెట్టిందే. మంచి గుడ్డని దాచా."

"దాచి దాచి కృష్ణమ్మకి పెడుతున్నావా? పుణ్యం నీకా, నాకా?"

"చెరి సగం తీసుకుందాంలే."

ఆవిడ అక్కడే నీళ్ళలో వదలమంది. నేను వదల్లేదు. ఇక్కడ వేస్తే ఎటు పోతుందో తెలియదు, గేట్లలో పడి సముద్రానికే పోవచ్చు. మళ్ళీ కారెక్కి, మా పొలాలకు నీళ్ళిచ్చే కుడి కాలువ మొదలయ్యే వైపు పోనిమ్మన్నాను. అక్కడ కాలువంటే మా కాలువ కాదు, ఏరు. నిండా పారుతోంది. వంతెన మీద నుంచి పసుపు కుంకుమ చల్లి, గుడ్డ వదిలాను. అది విచ్చుకుని, ఒకసారి మునిగి, తేలి, మెల్లగా పోయింది.

"అమ్మవారికి పెట్టిన గుడ్డ మళ్ళీ నీ ఇంటికే తెప్పించుకుంటున్నావా వదినా," అంది వియ్యపురాలు.

మనవరాలు స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వింది. "అమ్మమ్మా, నాయనమ్మ కొరియర్ పంపింది."

నవ్వు అయ్యాక పిల్ల నా వైపు తిరిగింది. "మరి నాన్నకి ఏం చెబుదాం? నిండుగా ఉందిగా. వెయ్యమందామా?"

ఫోను కలపబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. నీళ్ళైతే చూశాను. చూసిన కొద్దీ నాకు ఏమీ తెలియడం లేదు. ఒక కుండలో నీళ్ళుంటే పూటకు సరిపోతాయో లేదో చెప్పగలను. ఇన్ని నీళ్ళు చూసి ఏం చెప్పాలి? వాడు చెట్టును మళ్ళీ గుంటలో పెట్టడమే కళ్ళ ముందు ఆడింది.

"కాలవ పక్కనే ఇంటిదాకా పోదాం," అన్నాను. "దారిలో చెబుతా."

కాలువ కట్ట మీద కొంత, ఊళ్ళ మధ్య రోడ్డు మీద కొంత, కాలువను వదిలి మళ్ళీ పట్టుకుంటూ దిగాం. నీళ్ళు మాతోనే వస్తున్నాయి. ఒక చోట గేదెలు మెడల దాకా మునిగి కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఒక చోట ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు, చర్చి గోడకు చీరలు ఆరేశారు. వంతెన వంతెనకూ ఒక పిల్లకాలువ చీలిపోతోంది. చీలినప్పుడల్లా ఇవతల మిగిలింది ఒక పిసరు సన్నబడుతోంది. నాకు చివర మాత్రమే తెలుసు, అది ఎంతమందికి పెట్టుకుంటూ వస్తుందో ఎప్పుడూ చూడలేదు. పత్తి చేలు, పచ్చటి వరి నారుమళ్ళు, మళ్ళీ పత్తి చేలు వెనక్కి పోతుంటే కళ్ళు బరువెక్కాయి.

ఇంజను చప్పుడుకు మెలకువ వచ్చింది. కట్ట మీద ఒక ఆయిల్ ఇంజను పెట్టి, పైపు కాలువలోకి వేసి, నీళ్ళు పైకి తోడుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. కారు ఆపించి దిగాను. ఇంజను పక్కన నా ఈడు మనిషే, మోకాళ్ళ పైకి చీర దోపుకుని నిలబడి ఉంది.

"ఎవరి కాలవ అనుకున్నావ్ ఇట్లా పైపులేసి తోడుతున్నావ్? కింద వాళ్ళకి ఎట్లా వస్తాయ్?"

ఆవిడ ఇంజను ఆపి, నన్ను పైనుంచి కిందకి చూసింది. కాలువ ఆఫీసు వాళ్ళమేమో అని కారు వైపు కూడా చూసింది.

"మీదే ఊరు?"

"చివర. కాలవ చివర."

"మాదీ చివరే," అంది. "మా చేను మెరక. కాలవ తవ్వినప్పుడు మా మామ భూమి పోయింది. నీళ్ళు కిందకి పోతయ్ గానీ పైకెక్కవుగా. మాకు తూము పెట్టలా. రోజూ గుమ్మం ముందు పోతా ఉంటే చూస్తా కూర్చోమంటావా?"

ఏదో అందామని నోరు తెరిచాను. వెనక నుంచి వియ్యపురాలు, "అనరాదూ," అంది మెల్లగా. ఇంజను పక్కనున్న ఆవిడ వెనకాల నేలను చూశాను. నిజమే, మెరకే.

మెరక మీద నారుమడి ఉంది. నాలుగు వైపులా కర్రలు పాతి, పైన పాత చీరలు కట్టి నీడ పెట్టారు. ఎర్రది, ఆకుపచ్చది, వెలిసిపోయిన నీలం పూలది. గాలికి చీరలు పొంగి దిగుతుంటే కింద లేత నారు మీద రంగు నీడలు కదులుతున్నాయి. నాకు తెలియకుండానే మెరక ఎక్కి అక్కడ కూర్చున్నాను. రెండు మొక్కలు వేలితో పక్కకు వంచి మొదలు చూశాను.

"నీళ్ళెక్కువ పెడుతున్నావ్," అన్నాను. "మిట్టమధ్యాహ్నం అసలే వద్దు. మొదలు కుళ్ళుద్ది. పొద్దున్నే కాసిని చల్లు చాలు."

"ఇంజను అద్దెకి దొరికింది ఇప్పుడేనమ్మా."

"అయితే తొట్లో పట్టి పెట్టుకో. పొద్దున చల్లుకో."

ఆవిడ నా పక్కన గొంతుక్కూర్చుంది. అంతదాకా ఉన్న కోపం ఆవిడ గొంతులో లేదు. "బాగా తెలిసినట్టుంది. మీరేం వేస్తున్నారు ఈ ఏడు?"

"మిరపే," అన్నాను.

నోట్లో నుంచి వచ్చేసింది. అనేశాక విన్నాను. చీరలు ఒకసారి పొంగి దిగాయి. కట్ట మీద నిలబడిన మనవరాలు చెవికి ఫోను పెట్టుకుని, మళ్ళీ నా వైపు చూసి, గబగబా వచ్చి నా చేతిలో పెట్టింది. మావాడు అప్పటికే లైన్లో ఉన్నాడు.

"ఎన్ని నీళ్ళున్నాయమ్మా?"

అది చూసి రావడానికే వెళ్ళాను. పడవ వెనకాల గీత, శ్రీశైలంలో తెల్లటి తుంపర, సాగర్లో ఎండ అన్నీ కళ్ళలో ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"చాలా ఉన్నాయిరా. మనదాకా ఎన్నొస్తాయో మాత్రం నాకు అంతుపట్టలేదు."

వాడు ఊపిరి పీల్చడం వినపడుతోంది, ఆ చిన్న పిల్లికూతతో సహా.

"నారు చెప్పు," అన్నాను. "అంతటికీ వద్దు. తూముని ఆనుకునున్న సగానికే. ఆ సగానికైతే కాలవ వట్టిపోయినా ట్యాంకర్లతో ఎట్లాగో తడి ఇచ్చుకుంటాం. మిగతాది శనగకి ఉంచు. ఆకు ముడత లేకుండా చూసి తీసుకో, వాళ్ళిచ్చింది తెచ్చుకోకు. రాయి మిషను వాళ్ళకి రావట్లేదని ఇవాళే చెప్పు."

"ఇవాళే చెబుతా," అన్నాడు. కొంచెం ఆగి, "అన్నం తిన్నావా అమ్మా?" అన్నాడు. కిందటేడు నుంచి వాడు నన్ను ఆ మాట అడగలేదు.

నారుమడి ఆవిడ లేచి, పక్కనే ఉన్న ఇంట్లోకెళ్ళి మజ్జిగ తెచ్చి ముగ్గురికీ ఇచ్చింది. నేను తాగుతుంటే వెళ్ళి ఇంజను స్టార్ట్ చేసింది. ఈసారి పైపు మూతి తిప్పి నారుమడిలోకి కాకుండా తొట్టిలోకి పెట్టింది.

కారెక్కాక వియ్యపురాలు సీటులో సర్దుకుంటూ, "సగం అని చెప్పడానికి ఇంత దూరం తిప్పావా వదినా మమ్మల్ని?" అంది.

"ఇంటి దగ్గరే ఉంటే మొత్తం శనగే అనేదాన్ని."

ఆవిడ దానికి నవ్వలేదు. కాళ్ళు చాపుకుని, నా కాళ్ళు కూడా తన వైపు లాక్కుని, పైట చెంగు కప్పింది. కాలువ మళ్ళీ మా పక్కకి వచ్చింది. మనవరాలు తొందరపడలేదు. నీళ్ళు ఎంత మెల్లగా పోతున్నాయో కారును కూడా అంత మెల్లగానే పోనిచ్చింది.